కార్బన్ ఫైబర్ గిటార్లు: చేతికి నెక్ హాయి, వేళ్లకు కాయలు

కార్బన్ ఫైబర్ గిటార్ వాయిస్తే వేళ్లు నొప్పెట్టవని అమ్మేవాళ్లు తరచుగా చెబుతుంటారు. అందులో నిజం సగమే. వేలి కొసకు తగిలేది స్టీల్ తీగ. బాడీ కార్బన్‌దైనా స్ప్రూస్ చెక్కదైనా ఆ తగలడంలో తేడా ఉండదు. నొప్పి ఎంతన్నది తీగ మందం, స్కేల్ (మోగే తీగ) పొడవు, ఫ్రెట్ (నెక్ మీది అడ్డు లోహపు కమ్మీ) మీద తీగ ఎత్తు తేలుస్తాయి. కార్బన్ చేసే మేలు వేరే ఉంది, అది చిన్నదేమీ కాదు. ఒకసారి సరిగ్గా కుదిర్చిన ఎత్తు ఏడాది పొడవునా దాదాపు కదలకుండా ఉంటుంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం వచ్చేసరికి చెక్క గిటార్ తేమ పీలుస్తుంది. పైపలక ఉబ్బి బ్రిడ్జి (బాడీ మీద తీగలను పట్టి ఉంచే దిమ్మ) పైకి లేస్తుంది, నిన్నటిదాకా తేలిగ్గా పడిన ఎఫ్ బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేది) ఇవాళ చేతిని విరిచేస్తుంది. ఏసీ గదిలోనో, హైదరాబాద్ వేసవి పొడిగాలిలోనో ఉంచితే ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన నెక్ పైపలక) కుంచించుకుపోయి ఫ్రెట్ కొసలు అంచు దాటి పొడుచుకొస్తాయి, చేయి జరిపినప్పుడల్లా గీరుకుంటాయి. బాడీ, నెక్, ఫింగర్‌బోర్డు అన్నీ కార్బన్ కాంపోజిట్‌వే అయితే ఈ రెండు బాధలూ ఉండవు. శ్రుతి మాత్రం మారుతుంది. ఎండలో వదిలేస్తే తీగలు సాగి శ్రుతి దిగుతుంది, అది తీగల గుణం.

ఇక నెక్. ఐర్లండ్‌లోని డొనెగల్‌లో తయారయ్యే ఎమరాల్డ్ ఎక్స్20, అమెరికా కంపెనీలు మెక్‌ఫెర్సన్, రెయిన్‌సాంగ్ చేసే మోడళ్లలో నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు సాధారణంగా సుమారు 44.5 మి.మీ. ఉంటుంది. వేళ్లతో మీటేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది, పొట్టి వేళ్లున్నవాళ్లకు 43 మి.మీ. నయం. వెడల్పు కంటే మందం, వెనక వంపు ముఖ్యం. మొదటి ఫ్రెట్ దగ్గర 20–22 మి.మీ. మందం ఉంటే చాలామంది చేతులకు సరిపోతుంది. మరీ పలచని నెక్ మీద బొటనవేలు గట్టిగా నొక్కాల్సివచ్చి, గంట వాయించేసరికి దాని మొదలు లాగుతుంది. హాయి విషయంలో ఎక్స్20కే మా ఓటు. నెక్ బాడీలో కలిసేచోట చెక్క గిటార్లకుండే మొద్దు హీల్ (మడమలాంటి దిమ్మ) లేదు, 14వ ఫ్రెట్ దాటాక కూడా అరచేతికి ఏదీ అడ్డు తగలదు. కుడి ముంజేయి ఆనేచోట అంచును వాలుగా మలిచారు.

మెరిసే గ్లాసీ ఫినిష్ నెక్‌లు మన ఉక్కపోతలో చిరాకు పెడతాయి. ఆ పూత చెమట పీల్చదు, అరచేయి అతుక్కుపోతుంది. మ్యాట్ ఫినిష్ దొరికితే అదే తీసుకోండి. ముందే కొనేసుంటే, నెక్ అంచులకు మాస్కింగ్ టేప్ వేసి, బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ (రుద్దే ప్యాడ్)తో నెక్ పొడవునా పది పన్నెండు సార్లు తేలిగ్గా రుద్దితే మెరుపు పోయి జారుడు వస్తుంది. తెల్లటి పొడి రాలుతుందంటే పైపూతే అరుగుతోంది. నల్లటి పొడి కనబడితే అక్కడే ఆపాలి, అది కార్బన్. చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి పికప్ (నాదాన్ని యాంప్లిఫయర్‌కు పంపే పరికరం) వైరింగులో పడకూడదు. వారంటీ ఉంటే రుద్దేముందు కంపెనీని అడగండి.

బాడీ తేలికైన మోడళ్లలో ఇంకో చిక్కు, లోహపు ట్యూనర్ల (శ్రుతి మరలు) బరువుకు హెడ్‌స్టాక్ (నెక్ తలభాగం) కిందికి వాలడం. దాన్ని ఎడమచేయి మోయాల్సి వస్తే మణికట్టు ముందు అలుస్తుంది. వెనకవైపు గరుకుగా ఉండే వెడల్పాటి స్వెడ్ పట్టీ వేస్తే చాలావరకు నిలబడుతుంది, నున్నటి నైలాన్ పట్టీ జారిపోతుంది.

కొనేముందు తప్పక చూడాల్సింది ట్రస్ రాడ్, అంటే నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ. కొన్ని కార్బన్ నెక్‌లలో అది ఉండదు, అలాంటివాటిలో ఫ్యాక్టరీలో వచ్చిన వంపుతోనే బతకాలి. ఆరో (అన్నిటికంటే లావు) తీగను ఒకటో ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద తీగకింద 0.1 నుంచి 0.25 మి.మీ. సందు ఉండాలి. అసలు సందే లేకపోయినా, 0.4 దాటినా ఆ పీస్ వద్దు. తర్వాత ఫ్రెట్లు అరగదీయించుకోవాల్సి వస్తుంది. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2.2–2.5, ఒకటో (అన్నిటికంటే సన్న) తీగ ఎత్తు 1.6–1.8 మి.మీ. ఉంటే వేళ్లకు సుఖం. ఎక్కువుంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అడుగును అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలి. గాజు పలక మీద 220 నంబరు సాండ్‌పేపర్ పరిచి నిటారుగా రుద్దండి. అడుగు సమతలంగా లేకపోతే శాడిల్ కింది పికప్‌లో ఒక తీగ గట్టిగా, ఒకటి నీరసంగా వినిపిస్తుంది. మొదటి మూడు ఫ్రెట్లలోనే నొప్పి ఉందంటే తప్పు శాడిల్‌ది కాదు, నట్‌లో తీగలు కూర్చునే గాడుల లోతు చాలలేదని అర్థం. అది పనివాడికి వదిలేయండి, ఫైల్ ఒక్కసారి ఎక్కువ తగిలితే నట్ మార్చాల్సిందే.

కాయలు కాయని వేళ్లకు కాంపోజిట్ అకౌస్టిక్స్ కంపెనీ కార్గో మోడల్ బాగా నప్పుతుంది. దాని స్కేల్ 22.75 అంగుళాలు. అదే తీగలు 25.5 అంగుళాల గిటార్ మీద వేస్తే ఉండే బిగువులో సుమారు 80 శాతమే ఇక్కడ ఉంటుంది. అందుకే దీనికి .012 సెట్టే ఉంచండి (ఈ అంకె ఒకటో తీగ మందం, అంగుళాల్లో). .010 వేస్తే ఆరో తీగ వదులై గరగరమంటుంది. 25.5 స్కేల్ గిటార్‌కైతే .011 సెట్ వేయండి, అప్పటికీ భారమనిపిస్తే అర స్వరం దించి వాయించండి, బిగువు మరో 11 శాతం తగ్గుతుంది. పాట పాడేటప్పుడు ఒకటో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెడితే శ్రుతి మామూలుకు వస్తుంది, కార్డ్ రూపాలు మారవు.

కాయలు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒకేసారి రెండు గంటలు కాకుండా రోజుకు రెండుమార్లు 15–20 నిమిషాలు వాయించండి. ఫ్రెట్‌కు ఆనుకుని వెనకే నొక్కితే తక్కువ బలం చాలు. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే గిటార్ పట్టొద్దు. నానిన చర్మం పొరలుగా లేస్తుంది, అరగంట ఆగండి. నీటిపొక్కు లేస్తే ఆరేదాకా విరామం. కాయ అంచు లేస్తే పీకొద్దు, గోళ్ల ఫైల్‌తో నునుపు చేయండి. వీణ వాయించేవాళ్లు వేలికి కాస్త నూనె రాసుకుంటారు కదా అని ఇక్కడ అదే చేస్తే, చుట్టు తీగల సందుల్లో నూనె చేరి నాదం మందగిస్తుంది. గమకాలు, జారులు పలికించేవాళ్లకు కోటెడ్ (పలచని పూత వేసిన) తీగలు మేలు. తుప్పు పట్టిన మామూలు తీగ కాయ ఉన్న వేలినీ కోస్తుంది, వాయించాక పొడిబట్టతో తుడవడం మానొద్దు. వేళ్లలో తిమ్మిరి, మణికట్టులో నొప్పి ఉంటే అది కాయల సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి.

తక్కువ బడ్జెట్‌లో కనిపించే ఎన్యా నోవా గో 35 అంగుళాలది. అది కార్బన్ బట్ట పొరలతో చేసింది కాదు, కార్బన్ కలిపిన పాలికార్బొనేట్‌తో అచ్చుపోసింది. ఎక్స్20తో పోల్చదగిన నాదం ఆశించకండి. మొదటి గిటార్‌గా, ప్రయాణానికి పర్వాలేదు, చిన్నది కాబట్టి వేళ్లకూ తేలికే. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు ముగిసేలోపు ఏడో ఫ్రెట్ పరీక్ష చేయండి, ప్రతి తీగా ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కసారి మోగించి వినండి.