జుట్టు రాలుతున్న తలకు కుంకుడుకాయ: మూడేళ్ళ వాడకం తర్వాత

2022 ఫిబ్రవరి నుంచి నేను వారానికి రెండుసార్లు కుంకుడుకాయ రసంతో తలంటుకుంటున్నాను. మూడేళ్ళు దాటిన ఈ వాడకంలో ఒక నెల మాత్రం, అదీ డాక్టరు చెప్పిన మీదట, దాన్ని పూర్తిగా పక్కన పెట్టాను. నా వయసు నలభై నాలుగు. నడుము దాటి ఉండే జడను ఆ ఏడాదే భుజాల కిందికి ఒక జానెడు ఉంచి కత్తిరించుకున్నాను, ఇప్పటికీ అంతే ఉంచుతున్నాను. కుంకుడుకాయ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా అమ్మమ్మల జడల దగ్గర మొదలుపెట్టి షాంపూలను తిట్టడంతో ముగిస్తారు. ఒత్తయిన జుట్టున్నవాళ్ళకు ఏది పెట్టి రుద్దుకున్నా చెల్లుతుంది కాబట్టి, రాలిపోతున్న తలమీద అది ఎలా నడిచిందో రాయడం అవసరమనిపించింది.

రాలడానికి మూలం జ్వరం. 2021 సెప్టెంబరులో డెంగీ వచ్చి తగ్గింది; డిసెంబరు వచ్చేసరికి దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్కదాని మీద నేరం మోపారు. అత్తగారు కొత్తగా మార్చిన షాంపూ అన్నారు, మావారు బోరు నీళ్ళన్నారు, నేను నిద్ర చాలకపోవడం అనుకున్నాను. మూడు నెలల కిందటి జ్వరం ఎవరికీ గుర్తు రాలేదు. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటే, మామూలు రోజుల్లో వాటిలో నూటికి ఎనభై అయిదు, తొంభై పెరిగే దశలోనే ఉంటాయి. పెద్ద జ్వరమో కాన్పో శస్త్రచికిత్సో ఒంటిని కుదిపినప్పుడు వాటిలో చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం మాని విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి, రెండు మూడు నెలలు అలా ఉండి ఆ తర్వాత రాలుతాయి. రాలడం కంటికి కనిపించే వేళకు అసలు కారణం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఆ వారం ఏ సీసా మార్చామో అది దోషిగా నిలబడుతుంది.

ఇదే లెక్క అటువైపు కూడా తిరుగుతుంది. ఇటువంటి రాలడం సాధారణంగా ఆరు నెలల్లోగా తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. నేను ఫిబ్రవరిలో కుంకుడుకాయ మొదలుపెట్టాను, మే నెలకు రాలడం సగానికి తగ్గింది, మా ఇంటిల్లిపాదీ కుంకుడుకాయకు దండం పెట్టారు. ఆ ఫిబ్రవరిలో నేను ఆముదం మొదలుపెట్టి ఉంటే ఆముదానికి, ఉపవాసాలు మొదలుపెట్టి ఉంటే ఉపవాసాలకు దక్కేది ఆ దండం. కాబట్టి నేను కుంకుడుకాయను మందుగా కాక, తల కడిగే సరుకుగా మాత్రమే తూచి చెబుతున్నాను.

కుంకుడుకాయకు ముందు రెండు నెలలు నేను చేసిన పని ఇంతకన్నా చెడ్డది. "తలకు పోసుకోవడం తగ్గించమ్మా, ఉన్నవి కూడా పోతాయి" అని అత్తగారు అంటే, అప్పటికే భయపడి ఉన్న నేను పది పన్నెండు రోజులకొకసారి మాత్రమే తలంటుకునేదాన్ని. పోసుకున్న రోజున తూము మూతకు అడ్డంపడి నీళ్ళు కూడా పోనివ్వనంత జుట్టు వచ్చేది, దాన్ని చూసి తర్వాతి తలంటును ఇంకో రెండు రోజులు వాయిదా వేసేదాన్ని. ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. పది రోజులు కడగకుండా, జడ విప్పి సరిగా దువ్వకుండా ఉంచితే, ఆ పది రోజులవీ కుదుళ్ళు వదిలేసి జడలోనే చిక్కుకుని ఉండి ఒక్కసారి కిందికి వస్తాయి. తలంటు వాటిని ఊడబీకలేదు, అప్పటికే ఊడినవాటిని బయటికి తెచ్చింది. ఈలోగా కడగని మాడు జిడ్డుపట్టి, దురదపెట్టి, చుండ్రు కట్టింది.

ఒకరోజు రాలినవాటిని తెల్ల తువ్వాలు మీద పరిచి కిటికీ దగ్గర వెలుతురులో ఒక్కొక్కటే చూశాను. కొన్నిటికి ఒక చివర ఆవగింజలో పదో వంతు తెల్లటి ముడి ఉంది, కొన్నిటికి రెండు చివరలా ఏమీ లేదు. ఆ తెల్ల ముడిని చూసి కుదురే ఊడివచ్చిందని ఏడ్చినదాన్ని నేను. అది కుదురు కాదు, విశ్రాంతి ముగించుకుని రాలిన వెంట్రుక మొదలు మాత్రమే. కుదురు చర్మంలోనే ఉండి మళ్ళీ మొలిపిస్తుంది. ముడి లేని పొట్టి ముక్కలు మధ్యలో తెగినవి. నా తువ్వాలు మీద మూడో వంతు ఇటువంటివే, అంటే జ్వరం తీసుకుపోయినవి కొన్నయితే నా చేతులారా తెంపుకున్నవి కొన్ని. తడి జుట్టు సాగుతుంది, సాగినప్పుడు తేలిగ్గా తెగుతుంది. నేనేమో చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతిలో, తల వంచి తువ్వాలుతో టపటపా కొట్టి దులిపి, తడిమీదే సన్నపళ్ళ దువ్వెన పెట్టేదాన్ని. ఆ రెండు అలవాట్లూ మానడం వల్ల నాకు కలిగిన మేలు ఈ మూడేళ్ళలో ఏ రసంతోనూ కలగలేదు.

ఇక కాయ సంగతి. పట్నంబజారులో గింజతో ఉన్న ఎండుకాయ, గింజ తీసిన పెచ్చు, పొడి మూడూ దొరుకుతాయి. పొడి కొనవద్దు. ఎంత మెత్తగా ఉన్నా పలుకు మిగిలి మాడుకు అంటుకుంటుంది, పలచబడ్డ తలమీద అది చుండ్రులా కనబడుతుంది, దాన్ని వదిలించడానికి మళ్ళీ రుద్దాలి. గింజతో ఉన్న కాయ కొని రాత్రి రోట్లో ఒక్క దెబ్బ వేసి, నల్లగింజ తీసేసి, పెచ్చులను గోరువెచ్చని నీళ్ళలో నానబెడతాను. తెల్లారి పిసికితే చిక్కటి నురగ వస్తుంది. అందులో నాలుగైదు మందారాకులు నలిపితే రసానికి జిగురు వస్తుంది, ఆ జిగురు లేకపోతే నా జుట్టుకు చిక్కు తీయడం అసాధ్యం. తర్వాత పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. ఈ రెండోసారి చాలామంది చేయరు, పిప్పి జుట్టులో ఇరుక్కుని దాన్ని లాగేటప్పుడు నాలుగు వెంట్రుకలు తెగుతాయి. రసం నిలవ ఉండదు, మర్నాటికి పులిసిన వాసన వేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి సాంబారనుకుని మావారు వేడి చేయబోయారు కూడా.

వాడే తీరులో నేను నేర్చుకున్నది ఏమిటంటే, రసం మాడుకు పట్టాలి, జుట్టు పొడవునా కాదు. పాపిడి పాపిడిగా విడదీసి, మగ్గుతో కొద్దికొద్దిగా పోసుకుంటూ వేళ్ళ కొసలతో, గోళ్ళు తగలకుండా నిమురుతాను. కడిగేటప్పుడు జారే నురగ కింది జుట్టుకు సరిపోతుంది. కళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. మిర్చియార్డు ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు కూడా కుంకుడు రసం కంట్లో పడితే కారమే నయమనిపిస్తుంది.

మంచి సంగతులలో మొదటిది మా బోరు నీళ్ళతో దానికి పేచీ లేకపోవడం. మాది కందిపప్పు ఉడకని నీరు. పరీక్ష చేయిస్తే కాఠిన్యత లీటరుకు 520 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారత ప్రమాణాలు కోరదగినదిగా చెప్పే హద్దు 200. ఇటువంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి సబ్బు తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు అలా కట్టవు. షాంపూలు కూడా సబ్బులు కావు కనుక ఈ మెచ్చుకోలు వాటికీ కొంత చెందుతుందని న్యాయంగా ఒప్పుకోవాలి. ఏమైనా ఆఖరి రెండు చెంబులు మాత్రం మునిసిపాలిటీ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళు పట్టి ఉంచి పోసుకుంటాను, ఆరిన తర్వాత జుట్టు గరుకుదనంలో తేడా వేలికి తెలుస్తుంది.

లోపాలు చిన్నవి కావు. కుంకుడు జిడ్డును నిర్దాక్షిణ్యంగా తీసేస్తుంది. రంగు వేసుకున్న జుట్టును పీచు చేస్తుంది. నేను రంగు వేసిన ఆరు నెలల్లో ఇది బాగా తెలిసింది. తలంటుకు గంట ముందు జుట్టు పొడవునా కొబ్బరినూనె రాస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది, ఎందుకంటే కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోవడాన్ని తగ్గిస్తుందని 2003లో మనదేశంలో జరిగిన ఒక పరిశోధన చూపింది. అది వెంట్రుకను కాపాడుతుంది, కొత్తదాన్ని మొలిపించదు. రాత్రంతా మాడుకు నూనె పట్టించి ఉంచడం మాత్రం నాకు బెడిసికొట్టింది. చుండ్రుకు కారణమయ్యే మలసేజియా అనే శిలీంధ్రం చర్మం మీది కొవ్వునే తిని పెరుగుతుంది, నేను దానికి రాత్రి భోజనం పెట్టినట్టయింది.

ఆ చుండ్రు దగ్గరే కుంకుడుకాయ ఓడిపోయింది. పొట్టు తీసింది, దురద తీయలేదు. 2022 ఆగస్టులో కొత్తపేటలో చర్మవైద్యురాలి దగ్గరికి వెళితే కుంకుడు ఆపించి, శిలీంధ్రాన్ని అణచే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగను అయిదు నిమిషాలు మాడుమీద ఉంచి కడగమని, అలా నాలుగు వారాలు రాసిచ్చారు. రెండో వారానికే దురద పోయింది. ఇప్పుడు దాన్ని పదిహేను రోజులకొకసారి, ఒక కుంకుడు తలంటుకు బదులు వాడుతున్నాను.

అదే రోజున చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో నా పాపిడిని చూపించి, పక్కపక్కనే లావు వెంట్రుకా నూగులాంటి సన్న వెంట్రుకా కలగలిసి ఉన్నాయని, జ్వరపు రాలుడు తగ్గినా దాని వెనక వంశపారంపర్యంగా పలచబడడం మొదలైందని ఆమె చెప్పారు. పరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిలవను తెలిపే ఫెరిటిన్ తక్కువగా ఉంది, ఐరన్ మాత్రలు రాశారు. నేనప్పటికే సొంత తెలివితో మింగుతున్న బయోటిన్ అనే విటమిన్ మాత్రలను రక్తపరీక్షకు ముందే ఆపించారు, అవి థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేయగలవు. పాపిడికి రోజుకొకసారి రాయడానికి, జుట్టు మొలవడానికి వాడే 5 శాతం మినాక్సిడిల్ మందు ఇచ్చారు. మొదటి ఆరు వారాలు రాలడం పెరిగింది. అది ముందే చెప్పి ఉండకపోతే సీసా పారేసేదాన్ని. అయిదో నెలలో పాపిడి పక్కన అంగుళం పొడవు కొత్త వెంట్రుకలు నిక్కి నిలబడ్డాయి. ఈ మందు ఆపితే వచ్చినవి కొద్ది నెలల్లో పోతాయి, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ వాడకూడదు, పిల్లికి విషం. మందు రాయడానికి మాడు పొడిగా, శుభ్రంగా ఉండాలి, దాని తెల్లటి పొరను కుంకుడు రసం ఒక్క కడుగులో తీసేస్తుంది. వీటిద్దరికీ నా తలమీద మంచి పొత్తు కుదిరింది.

ఈ మధ్యలో పోయిన డబ్బు కూడా చెప్పాలి. వారంలో రాలడం ఆగుతుందన్న ఒక నూనెకు రెండు వేల నాలుగు వందలు పెట్టాను, దాని వల్ల దిండు గలీబు మరకపట్టింది. ఒక హెయిర్ క్లినిక్‌లో పాపిడిని ఫోటో తీసి, కంప్యూటరు తెరమీద దాన్ని భయపెట్టేంత పెద్దది చేసి, ఆ పూటే సంతకం పెడితే తగ్గింపు అని ముప్ఫై అయిదు వేల ప్యాకేజీ చెప్పారు. రక్తపరీక్ష మాటే ఎత్తలేదు, లేచి వచ్చేశాను. తిరుమలలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్న సలహా అయితే కనీసం నలుగురు ఇచ్చారు. మొక్కుంటే తలనీలాలు ఇవ్వవచ్చు, కత్తి చర్మం పైనే ఆగుతుంది కనుక లోపలి కుదుళ్ళ సంఖ్య మారదు.

కుంకుడుకు నెలకు నాకయ్యే ఖర్చు వంద రూపాయలు కూడా దాటదు, ఒక్కో తలంటుకు పట్టే సమయం మాత్రం ముప్పావుగంట. ఉదయం ఎనిమిదికి బడికో ఆఫీసుకో పరుగెత్తేవాళ్ళు జిడ్డును గట్టిగా తీసే నురగ రసాయనాలైన సల్ఫేట్లు లేని మామూలు షాంపూను నీళ్ళలో కలిపి మాడుకే పట్టించి కడిగినా దాదాపు ఇంతే ఫలితం ఉంటుందని, ఊళ్ళకు వెళ్ళినప్పుడల్లా అలాగే చేసిన అనుభవంతో చెబుతున్నాను. మాడుమీద పుండ్లున్నవాళ్ళు, తరచూ రంగు వేసుకునేవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది.

జుట్టు ఒత్తును కొలవడానికి నాకు వేరే సాధనం లేదు, కాయల లెక్కే కొలత. జ్వరానికి ముందు, పండగలకు అమ్మ తలంటితే నా నడుము దాకా జడకు పదిహేను కాయలు పట్టేవి. కత్తిరించుకున్న తర్వాత, 2022 ఆగస్టులో, ఆరు కాయల రసం పోసుకుంటే ఇంకా చెంబులో మిగిలేది. అదే పొడవుకు ఈ వేసవిలో తొమ్మిది కొడుతున్నాను.