కాలేజీ మీద సోలార్: సబ్సిడీ కోసం ఆగాలా, కంపెనీకి అప్పగించాలా, సొంత డబ్బే పెట్టుకోవాలా? ఏది మేలు?

మొన్న తెలిసిన లెక్చరర్ ఒకతను ఫోన్ చేశాడు, సార్ మా మేనేజ్‌మెంట్ సోలార్ పెడదామంటుంది, మళ్లీ వాళ్లే ఏదో స్కీమ్ వస్తుందేమో కొన్నాళ్లు ఆగుదాం అంటున్నారు, ఏం చెప్పమంటారు అని. ఫోన్లో అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే చాలా కాలేజీల్లో ఈ మాట ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది, అది నలుగుతున్నన్నాళ్లూ నెలనెలా కరెంటు బిల్లు కడుతూనే ఉన్నాం.

ముందు సబ్సిడీ సంగతి. ఒకప్పుడు కాలేజీలకీ ఉండేది, నిజమే. కేంద్రం రూఫ్‌టాప్ స్కీమ్ మొదటి దశలో విద్యాసంస్థలకి కూడా బెంచ్‌మార్క్ ఖర్చులో, అంటే ప్రభుత్వం లెక్కగట్టిన ఖర్చులో, 30 శాతం దాకా వచ్చేది. 2019లో రెండో దశ వచ్చేసరికి ఆ సాయం ఇళ్లకే అన్నారు. 2024లో పీఎం సూర్యఘర్ 75,021 కోట్లతో వచ్చింది, అదీ ఇళ్లకే, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు. అంటే 2019 తర్వాత కూడా స్కీమ్ వస్తుందని కూర్చున్న కాలేజీలు ఊరికే కూర్చున్నట్టే. ఈలోపు 2021 అక్టోబర్లో సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతం అయింది, 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం కస్టమ్స్ డ్యూటీ పడింది, మళ్లీ 2025 సెప్టెంబర్లో జీఎస్టీ 5కి దిగింది. ఇవన్నీ చూసి సరైన టైం పట్టుకుందాం అనుకుంటే ఎవరి వల్లా కాదు.

నాకు డబ్బు కన్నా ఎక్కువ భయం నెట్ మీటరింగ్ రూల్ తోనే. కాలేజీకి ఒక చిక్కు ఉంది, ఎండ మండిపోయే మే నెలలో పిల్లలు ఉండరు. క్లాసులు లేవు, హాస్టల్ ఖాళీ, ఫ్యాన్లు ఆగిపోయి ఉంటాయి, పైన ప్యానెళ్లు మాత్రం బాగా పనిచేస్తుంటాయి, ఆ కరెంటంతా గ్రిడ్‌కి పోతుంది. నెట్ మీటరింగ్ ఉంటే పోయిన యూనిట్‌కి యూనిట్ లెక్కలో కలుస్తుంది, లేకపోతే డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఇచ్చే తక్కువ రేటుకి సరిపెట్టుకోవాలి. 2020 డిసెంబర్లో కేంద్రం నెట్ మీటరింగ్ 10 కిలోవాట్ల దాకానే అంది, గొడవ అయ్యాక 2021 జూన్లో 500 కిలోవాట్లకి పెంచింది. ఆ ఆరు నెలల్లో 100 కిలోవాట్ల ప్లాన్ వేసుకున్న వాళ్ల లెక్కలన్నీ తలకిందులై ఉంటాయి.

ఇక రెండోది, రెస్కో. కంపెనీ వాళ్లే వాళ్ల డబ్బుతో మన మేడ మీద పెడతారు, మనం వాడుకున్న యూనిట్‌కి ఇంత అని 20, 25 ఏళ్లు కడతాం. చేతి నుంచి రూపాయి పెట్టక్కర్లేదు, ప్యానెళ్లు కడిగేది వాళ్లే, ఇన్వర్టర్ పోతే మార్చేది వాళ్లే. ఇది చిన్న విషయం కాదు. నేను ముందు పనిచేసిన ఒక కాలేజీలో సబ్సిడీ రోజుల్లో పెట్టిన ప్లాంట్ ఉండేది, ఎలక్ట్రీషియన్ మానేశాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఒకరోజు మేడెక్కి చూస్తే ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, ప్యానెళ్ల మీద దుమ్ము వేలితో పేరు రాస్తే కనపడేంత మందం. రీడింగ్ పుస్తకం తెరిస్తే చివరి ఎంట్రీ ఏడు నెలల కిందటిది. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. రెస్కో అయితే యూనిట్ రాకపోతే వాడికే నష్టం కాబట్టి వాడే పరిగెత్తుకొస్తాడు.

కానీ మన కాలేజీల డబ్బు ఎలా వస్తుందో చూడండి. సగానికి పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచే కాలేజీలు ఎన్నో. ఏపీలో కొన్నేళ్లు ఆ ఫీజు తల్లుల ఖాతాల్లో వేశారు, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. తెలంగాణలో 2025లో బకాయిల కోసం ప్రైవేట్ కాలేజీలు బంద్ చేసే దాకా వెళ్లింది. ప్రభుత్వం నుంచి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, రెస్కో బిల్లు మాత్రం నెలనెలా కట్టాలి. పైగా 25 ఏళ్లలో ఆ బిల్డింగ్ మీద ఇంకో ఫ్లోర్ వేయాల్సొస్తే ప్యానెళ్లు ఎవరు తీయాలి, ఖర్చెవరిది, కంపెనీ చేతులు మారితే ఏంటి, ఇవి కాగితం మీద లేకపోతే సంతకం పెట్టొద్దు. కాగితం ఉన్నా తిప్పలుంటాయి, ఏపీలో 2019లో ప్రభుత్వం సోలార్, విండ్ ఒప్పందాల రేట్లు తిరగదోడితే హైకోర్టులో తేలేసరికి 2022 అయింది.

మూడోది సొంత డబ్బు. 100 కిలోవాట్లకి 50 లక్షలు అనుకుందాం, దాదాపు 10,000 చదరపు అడుగుల మేడ కావాలి. మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు, అంటే ఏడాదికి దగ్గర దగ్గర 1,46,000. యూనిట్ 8 రూపాయలు పడే చోట 11 లక్షల పైనే మిగులుతాయి, ఐదేళ్లలోపే పెట్టింది తిరిగొస్తుంది. అదే రెస్కోకి యూనిట్‌కి 5 రూపాయలు కడితే మిగిలేది 4 లక్షల చిల్లర. తేడా చాలా ఉంది. మరి 50 లక్షలు ఒకేసారి ఎక్కడివి అంటారు, ఒకేసారి అక్కర్లేదండి, 20 కిలోవాట్లతో మొదలుపెట్టొచ్చు.

అందుకే నా ఓటు మూడోదానికే, కానీ ఒక షరతు మీద. కరెంటు బిల్లులో మిగిలిన డబ్బు వేరే ఖాతాలో పడాలి. జనరల్ ఖాతాలో కలిసిందా, ఆ ఏడాది పెయింటింగుకో ఫెస్టుకో పోతుంది, తర్వాత ఇన్వర్టర్ మార్చాల్సొస్తే మళ్లీ ప్రిన్సిపాల్ దగ్గర చేయి చాచాలి. వేరే ఖాతాలో ఉంటే అందులోంచే ఎలక్ట్రీషియన్‌కి నెలకి కొంత అదనంగా ఇవ్వొచ్చు, తర్వాతి 20 కిలోవాట్లు వేయొచ్చు, మెస్ దగ్గర బయోగ్యాస్ పెట్టొచ్చు. బయోగ్యాస్‌కైతే రోజూ అన్నం, కూరల మిగులు వేరు చేసి వేసే మనిషి కావాలి, ఆ మనిషి జీతం గ్రాంట్‌లో రాదు, నాకు తెలిసిన రెండు ప్లాంట్లు మూతపడింది అక్కడే. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం గ్రీన్ ఆడిట్ చేయించి ఫైల్లో పెట్టుకోవడం కాదు, ఆ మనిషి వచ్చే ఏడాదీ పనిలో ఉండాలి.

మేడ పెద్దది, చేతిలో డబ్బు లేదు, లీగల్‌గా చూసుకునే వాళ్లున్నారు అంటే రెస్కో తప్పు కాదు, పెద్ద యూనివర్సిటీలకి అదే నయం. స్కీమ్ ఏదైనా వస్తే తీసుకోండి, కాకపోతే అది రాకపోయినా నడిచేలా లెక్క వేసుకోండి. ఆ లెక్చరర్‌కి చివర్లో ఒకటే చెప్పా, ముందు అకౌంట్స్ సెక్షన్‌కెళ్లి పోయిన 12 నెలల బిల్లులు తీసుకో, మే నెలలో ఎన్ని యూనిట్లు వాడారో చూడు, ఎన్ని కిలోవాట్లు పెట్టాలో దాన్నిబట్టి మాట్లాడదాం అని. సోమవారం తెస్తానన్నాడు.