బొడ్డుతాడు కణాలా, కాలేయ కణాలా? గడ్డకట్టే ప్రోటీన్ల ప్రయోగానికి ఏవి మేలు
రక్తనాళాల లోపొర కణాలన్నీ ఒకటే అనుకుని మొదలుపెడితే నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే, ఎందుకంటే ఏ జన్యువు ఎంత పనిచేస్తుందన్నది నాళాన్ని బట్టి మారిపోతుంది.

ప్రోటీన్: బొడ్డుతాడు సిర లోపొర కణాల్లో, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దండిగా తయారవుతుంది. రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే కణమంతా పొట్టి కడ్డీల్లాంటి సంచులు కనిపిస్తాయి, హిస్టమిన్ అనే రసాయనం తగిలిందంటే నిమిషాల్లో వాటిలోని సరుకు బయటికొచ్చేస్తుంది, ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. కాలేయ సైనుసాయిడ్ కణాల్లో, అంటే కాలేయంలోని సన్నటి రక్తనాళాల లోపొర కణాల్లో, ఇది తక్కువ. కానీ రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా-ఎ లో లోపించే ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ప్రధానంగా తయారయ్యేది వాటిలోనే.

ఖర్చు: బొడ్డుతాడువి చవక. కాన్పు తర్వాత పారేసే తాడు నుంచే వస్తాయి.

శ్రమ: బొడ్డుతాడు కణాల్ని 1973 నుంచీ పెంచుతున్నారు, పద్ధతి అందరికీ తెలిసిందే. కాలేయానివి ఎంజైముతో విడదీసి, మిగతా కణాల్లోంచి ఏరుకోవాలి.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. కాలేయ కణాలు డిష్‌లో వేసిన కొద్ది రోజుల్లోనే తమ సన్నటి రంధ్రాల్ని, సొంత స్వభావాన్ని పోగొట్టుకుంటాయి. బొడ్డుతాడువీ పదేపదే పెంచితే మారతాయి, కాకపోతే నెమ్మదిగా.

వాన్ విల్లిబ్రాండ్ విడుదల గురించైతే బొడ్డుతాడు కణాలే తీసుకోండి. ప్రశ్న ఫ్యాక్టర్ 8 గురించైతే ఖర్చయినా కాలేయానివే, అదీ కణాల్ని తీసిన రోజే, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏను వాటి నుంచి వేరుచేసి పెట్టుకోండి.