ముల్లు మారిస్తే చాలా, కార్ట్రిడ్జే మార్చాలా?

ఇంట్లో రికార్డు ప్లేయరు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: ఉన్న కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం) తీసేసి, అందరూ గొప్పగా చెప్పే మూవింగ్ కాయిల్ రకం బిగిస్తే ఎలా ఉంటుంది? బిగించవచ్చు. కానీ అంతకు ముందు చూసుకోవలసింది వేరే ఉంది. మీ ముల్లు కొనన ఉన్న వజ్రాన్ని ఏ ఆకారంలో చెక్కారు? లోపల కదిలేది అయస్కాంతమా, తీగచుట్టా అన్నది ఆ తరువాతి మాట. ఈ వరుస తారుమారు చేసుకుని చాలామంది తప్పు చోట డబ్బు పెడుతున్నారన్నదే నా బాధ.

రెండు రకాలకూ తేడా ఏమిటో ముందు క్లుప్తంగా చెబుతాను. మూవింగ్ మాగ్నెట్ రకంలో ముల్లు కొనను మోసే సన్నటి కడ్డీ వెనుక చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. తీగచుట్టలు మాత్రం కార్ట్రిడ్జ్ లోపల కదలకుండా ఉంటాయి. అందుకే ముల్లు భాగాన్ని వేళ్లతో ఊడదీసి కొత్తది తొడగవచ్చు. మూవింగ్ కాయిల్ రకంలో తీగచుట్టలే ఆ కడ్డీకి అతుక్కుని కదులుతాయి కనుక ఇంట్లో ముల్లు మార్చడం కుదరదు. అరిగితే మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాలి, లేదా నిపుణుల దగ్గరకు పంపి కొత్త కొన వేయించుకోవాలి.

ఇక వజ్రం సంగతి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు కదులుతుంది. లేబులు దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. 10,000 హెర్ట్జ్ స్వరం అంచు దగ్గర 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అలగా చెక్కి ఉంటే, అదే స్వరం లోపలి చివర 20 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. గుండ్రటి ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 15 మైక్రాన్లు, అంటే వ్యాసం 30. అంత ఇరుకు మలుపుల్లోకి అది పూర్తిగా దిగలేదు. రికార్డు ప్రతి పక్కనా చివరి పాటలో 'స', 'ష' అక్షరాలు బుసకొట్టినట్టు వినిపించడానికి, తాళాల మోత మసకబారడానికి పెద్ద కారణం ఇదే.

దీర్ఘవృత్తాకారపు ముల్లు, అంటే ఎలిప్టికల్, పక్క వ్యాసార్ధాన్ని 8 మైక్రాన్ల దగ్గరికి తెస్తుంది. షిబాటా కొన ఇంకాస్త సన్నం. 1970ల మొదట్లో నాలుగు చానెళ్ల రికార్డుల కోసం జపాన్ సంస్థ జేవీసీలో నోరియో షిబాటా దీన్ని రూపొందించారు. ఆ రికార్డుల్లో చెవికి వినిపించని ఎత్తు పౌనఃపున్యాలనూ చదవాల్సి వచ్చేది, మామూలు కొన అందుకు చాలేది కాదు. మైక్రోలైన్ కొన పక్క వ్యాసార్ధం 3 మైక్రాన్ల వరకు తగ్గుతుంది. ఈ చివరి రెండింటికీ ఇంకో సుగుణం ఉంది. గాడి గోడను అవి ఒక చుక్క దగ్గర కాక నిలువుగా ఒక గీత పొడవునా ఆనుకుంటాయి. ముల్లు మోపే బరువు ఆ గీతంతా పరుచుకుంటుంది కాబట్టి ముల్లూ రికార్డూ రెండూ నెమ్మదిగా అరుగుతాయి. కార్ట్రిడ్జ్ తయారీ సంస్థ ఆడియో-టెక్నికా తన ముళ్లకు చెప్పే ఆయుష్షు చూడండి: ఎలిప్టికల్ 300 గంటలు, గుండ్రటిది 500, షిబాటా 800, మైక్రోలైన్ 1,000. ఎల్పీ రెండు పక్కలూ కలిపి 40 నిమిషాలనుకుంటే, మొదటిది 450 రికార్డులకు, చివరిది 1,500 రికార్డులకు సరిపోతుంది. ధరలో తేడాను ఈ లెక్కతో కలిపి చూస్తేనే అసలు ఖర్చు బయటపడుతుంది.

కాబట్టి నా దృష్టిలో పోటీ మాగ్నెట్‌కూ కాయిల్‌కూ మధ్య కాదు. ఒకే కార్ట్రిడ్జ్‌కు మంచి ముల్లు తొడగడమా, కొత్త కార్ట్రిడ్జ్ తెచ్చుకోవడమా అన్నదే అసలు ఎంపిక.

ముల్లు మార్చుకుంటూ పోయే దారికి మంచి ఉదాహరణ ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95 వరుస. కార్ట్రిడ్జ్ ఒకటే, దానికి గుండ్రటిది, ఎలిప్టికల్, మైక్రోలైన్, షిబాటా, ఆఖరికి 78 వేగపు రికార్డుల ముల్లు కూడా తొడగవచ్చు. ఎలిప్టికల్‌తో మొదలుపెట్టినవారు అది అరిగాక మైక్రోలైన్ తొడిగితే, లేబులు దగ్గరి పాటల్లో వచ్చే మార్పు మొదటి వినికిడిలోనే తెలుస్తుంది. ఒక్క స్క్రూ కూడా విప్పనక్కరలేదు. మరో తయారీ సంస్థ ఆర్టోఫోన్ 2ఎం వరుసలోనూ రెడ్ కార్ట్రిడ్జ్‌కు బ్లూ ముల్లు పడుతుంది. అయితే బ్రాంజ్, బ్లాక్ ముళ్లు మాత్రం వేరే జత. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ముల్లు తయారీ ఆగిపోయిన కార్ట్రిడ్జ్ ఎంత మంచిదైనా దాన్ని పరాయి ముళ్లతో నెట్టుకురావాలి. 2018లో కార్ట్రిడ్జ్ తయారీ సంస్థ షూర్ ఈ రంగం నుంచి పూర్తిగా తప్పుకున్నాక ఆ కార్ట్రిడ్జ్‌లు ఉన్నవారు జపాన్ సంస్థ జికో వంటివారి ముళ్ల మీద ఆధారపడుతున్నారు. ఆ ముళ్లు బాగానే ఉంటాయి. కానీ ఇప్పుడు కొత్తగా కొనేవారికి ఆ చిక్కు ఎందుకు?

మూవింగ్ కాయిల్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తీగచుట్టలు బాగా చిన్నవి కావడంతో వాటి ఇండక్టెన్స్ (మారే విద్యుత్తును తీగచుట్ట అడ్డుకునే గుణం) చాలా తక్కువ, కాబట్టి కేబుల్ కెపాసిటెన్స్ (కేబుల్ విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం) ప్రభావం వాటి మీద దాదాపు ఉండదు. మాగ్నెట్ రకంలో ఆ ప్రభావం స్పష్టంగా ఉంటుంది. వీఎం95కు కెపాసిటెన్స్ 100 నుంచి 200 పికోఫారడ్‌లు కావాలని తయారీదారే చెబుతారు. పొడుగాటి కేబుల్ పెట్టి ఆ హద్దు దాటితే ఎత్తు స్వరాల తీరు మారిపోతుంది. కార్ట్రిడ్జ్ బాగాలేదని తిట్టుకునే ముందు ఈ కేబుల్ సంగతి ఒకసారి చూసుకోవాలి.

అయితే కాయిల్ రకం అడిగే మూల్యమూ పెద్దదే. ఎలిప్టికల్ ముల్లున్న వీఎం95ఈ దాదాపు 4 మిల్లీవోల్టుల సంకేతం ఇస్తే, కాయిల్ రకపు డెనాన్ డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. మామూలు ఫోనో స్టేజి (కార్ట్రిడ్జ్ సంకేతాన్ని ఆంప్లిఫయర్‌కు తగినంత పెంచే పరికరం) 40 డెసిబెల్ పెంచుతుంది, దీనికి 60 దాకా కావాలి. సరైన ఫోనో స్టేజి గానీ, సంకేతాన్ని ముందుగా పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ లేకపోతే వాల్యూమ్ పూర్తిగా పెంచినా సంగీతం కంటే సరసర శబ్దమే ముందు వినిపిస్తుంది. డెనాన్ డీఎల్-110 లాంటి ఎక్కువ సంకేతపు కాయిల్ రకాలు 1.6 మిల్లీవోల్టులు ఇచ్చి మామూలు ఫోనో స్టేజితో సర్దుకుపోతాయి, కానీ ముల్లు మార్చలేని ఇబ్బంది అలాగే ఉంటుంది. ఇంకో సంగతి. డీఎల్-103ని 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం రూపొందించారు, ఇన్ని దశాబ్దాలుగా దానికి అభిమానులు తగ్గలేదు. దాని కొన మాత్రం గుండ్రటిదే! కాయిల్ అన్నంత మాత్రాన లేబులు దగ్గరి బుస, మసక పోవనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

కార్ట్రిడ్జ్‌ను మోసే చేతికీ (టోన్ ఆర్మ్) కార్ట్రిడ్జ్‌కూ పొత్తు కుదరడం మరో అంశం. టోన్ ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశి (కదిలేటప్పుడు ముల్లుకు తోచే చేతి బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కూడండి. వచ్చినదాన్ని, కడ్డీ ఎంత తేలికగా ఊగుతుందో చెప్పే ముల్లు కంప్లయన్స్‌తో గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగించండి. వచ్చేది హెర్ట్జ్‌లలో అనునాద పౌనఃపున్యం, అంటే చెయ్యీ కార్ట్రిడ్జూ కలిసి సహజంగా ఊగే వేగం. అది 8కీ 12కీ మధ్య ఉంటే మంచిది. అంతకు తగ్గితే రికార్డు వంపులకే చెయ్యి ఊగుతుంది, మరీ పెరిగితే మంద్రస్వరాల జోలికి వస్తుంది. 12 గ్రాముల చేతికి 7.2 గ్రాముల 2ఎం రెడ్ బిగించి, స్క్రూలకు ఒక గ్రాము వేసుకుంటే, కంప్లయన్స్ 20కి లెక్క 8 దగ్గర తేలుతుంది. ఫరవాలేదు. జపాన్ తయారీదారులు చాలామంది కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి చెబుతారు. ఈ లెక్కకు కావలసింది 10 హెర్ట్జ్ విలువ కాబట్టి వారి అంకెను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. డీఎల్-103 కంప్లయన్స్ 5 అని రాసి ఉన్నా, లెక్కలో 9 దాకా వేసుకోవాలన్నమాట. అలా చూసినా 7 గ్రాముల తేలిక చేతి మీద అది 13 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. బరువైన చెయ్యి ఉన్నవారికే అది నప్పుతుందని అనేది అందుకే.

మార్చే పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎంపికలో అదీ ఒక భాగమే. ముల్లు మాత్రమే మారుస్తుంటే ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని తీయాలి, కడ్డీని తాకకూడదు. తొడిగాక ముల్లు గాడి మీద మోపే బరువు ఒకసారి చూసుకుంటే చాలు. కార్ట్రిడ్జ్ మారిస్తే మాత్రం పూర్తి పని ఉంటుంది. ముందు ఆంప్లిఫయర్ ఆపేయాలి. హెడ్‌షెల్ (చెయ్యి చివర కార్ట్రిడ్జ్ బిగించే భాగం) తీగలు నాలుగు: తెలుపు ఎడమ చానెల్, నీలం దాని గ్రౌండు, ఎరుపు కుడి చానెల్, ఆకుపచ్చ దాని గ్రౌండు. పిన్నుల మీద ఒత్తిడి పడకుండా చిన్న పట్టకారుతో మెల్లగా తొడగాలి. కాయిల్ కార్ట్రిడ్జ్‌లలోని అయస్కాంతం బలమైనది. ఇనుప స్క్రూడ్రైవరును అది లాక్కుంటే కడ్డీ పని అయిపోయినట్టే, కాబట్టి అయస్కాంతానికి అంటని పనిముట్టు వాడాలి. స్క్రూలు వదులుగా ఉంచి, ప్రొట్రాక్టరు (అమరిక చూసుకునే గీతలున్న) కాగితం మీద 66.0, 120.9 మిల్లీమీటర్ల బిందువుల దగ్గర కడ్డీ గీతలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. కార్ట్రిడ్జ్ అంచును కాదు, కడ్డీనే చూడాలి. మైక్రోలైన్, షిబాటా కొనలు ఈ అమరికలో చిన్న తేడాను కూడా క్షమించవు. గుండ్రటి కొన చాలావరకు సర్దుకుపోతుంది. అమరిక సరిచేసే వీలులేని ఆటోమేటిక్ ప్లేయరు ఉన్నవారికి ఖరీదైన కొన వద్దనడానికి కారణం ఇదే.

బరువు విషయంలో ఒక అపోహ ఉంది. తక్కువ పెడితే రికార్డు బాగుంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి బరువు చాలకపోతే గట్టి స్వరాల దగ్గర ముల్లు గోడను వదిలి ఎగిరి మళ్లీ పడుతుంది, గాడి దెబ్బతినేది అప్పుడే. తయారీదారు 1.8 నుంచి 2.2 గ్రాములని చెబితే 2 గ్రాములు పెట్టండి. 78 రికార్డులకు ఎల్పీ ముల్లు వాడకూడదు. వాటి గాడి దాదాపు మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ కొన అడుగున చెత్త మీద పాకుతుంది. ఆ రికార్డుల కోసం ఉన్న వీఎం95ఎస్పీ ముల్లుకు 5 గ్రాములు కావాలి కనుక మార్చిన ప్రతిసారీ బరువూ మార్చాలి.

నా తీర్పు ఇది. ఫోనో స్టేజి మామూలుదైతే, చేతిలో ఉన్నది ముల్లు మారే కార్ట్రిడ్జ్ అయితే, మైక్రోలైన్ గానీ షిబాటా గానీ తొడగండి. దీన్ని మించిన మార్పు అంత తేలికగా రాదు. కాయిల్ జోలికి వెళ్లేది ఆ తరువాత, అదీ మంచి ఫోనో స్టేజి, తగిన చెయ్యి రెండూ ఉంటేనే.

బిగించాక మొదటి పాటలో గాయని గొంతు స్పీకర్ల మధ్య నిలబడక అటూ ఇటూ చెదిరిపోయి, మంద్రస్వరాలు పలచబడితే ఒక చానెల్‌లో రెండు తీగలు తారుమారయ్యాయని అర్థం. గుయ్యిమనే మోత వస్తే గ్రౌండు తీగ ఊడి ఉంటుంది. ముల్లు ఊడేదైతే తీసి దాచి, నాలుగు పిన్నులూ మళ్లీ ఒకసారి చూడండి.