హాల్లో పూలకుండీలు బాగున్నాయి, రాత్రి బెల్లే అందదు

మా అమ్మ ఈ కేర్ హోమ్‌లో చేరి 14 నెలలైంది. వయసు 78. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మింగడం కష్టం, పైగా రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. ఇంట్లో నేనొక్కదాన్నే చూసుకోలేక అక్కడ చేర్చాను. హోమ్ పేరు మాత్రం రాయను. అమ్మ ఇంకా అక్కడే ఉంది, నేను గొడవ పెట్టుకుంటే ఆ కోపం ఆవిడ మీద చూపిస్తారేమోనన్న భయం నాకింకా పోలేదు. ఇలాంటి చోట మనవాళ్ళని ఉంచినవాళ్ళకి ఈ భయం ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

చూడ్డానికి వెళ్ళిన రోజు హాల్లో పూలకుండీలు, మెరిసే నేల, గోడ మీద పుట్టినరోజుల ఫొటోలు. నేనూ వాటికే పడిపోయాను. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని, ఇక్కణ్ణుంచి అమ్మ చెయ్యి ఎంతవరకు వెళ్తుంది అని ఒక్కసారి చూసుకున్నా సరిపోయేది. చూడలేదు. కాల్ బెల్ మంచానికి కుడిపక్క గోడకి ఉంది. అమ్మకి పనిచెయ్యనిది కుడి చెయ్యే. మూడు నెలల పాటు నాకు గానీ, రోజుకి మూడు షిఫ్టుల్లో ఆ గదిలోకి వచ్చిపోయేవాళ్ళకి గానీ ఇది తట్టలేదు.

ఒకరోజు తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి పడిపోయింది. నాకు ఫోన్ వచ్చింది ఉదయం ఎనిమిదికి. "చిన్న దెబ్బే మేడం, బాగానే మాట్లాడుతున్నారు, టిఫిన్ కూడా చేశారు" అన్నారు. నుదుటి పక్కన బొప్పి కట్టి ఉంది. రక్తం పలచబడే మందు మీద ఉన్న మనిషికి తలకి దెబ్బ తగిలితే పైకి బాగానే కనిపించినా లోపల నెమ్మదిగా రక్తం కారుతూ కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు, అందుకే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఫైల్లో మొదటి పేజీలోనే ఆ మందు పేరు రాసి ఉంది. ఎవరూ చూడలేదు. నేనే తీసుకెళ్ళి స్కాన్ చేయించాను, అదృష్టం బాగుండి ఏమీ లేదు.

మేనేజర్ గారి మొదటి మాట, "పెద్దవాళ్ళన్నాక పడతారు కదా మేడం." రెండో మాట, మంచానికి రెండు వైపులా కటకటాలు పెట్టేస్తాం అని. వద్దన్నాను. లేవాలనుకున్న మనిషి కటకటాలెక్కి దిగబోతే ఇంకా ఎత్తు నుంచి పడుతుంది, లేదంటే పరుపుకీ కమ్మీకీ మధ్య ఇరుక్కుంటుంది, అలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. నేనడిగినవి పెద్ద ఖర్చయ్యేవి కూడా కాదు. మంచం కిందకి దించండి, బాత్రూమ్ దారిలో చిన్న లైటు వెయ్యండి, అర్ధరాత్రి ఒకసారి మీరే లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి, బెల్లు ఎడమపక్కకి మార్చండి. బెల్లు మార్చడానికి 11 రోజులు పట్టింది.

ఆ తర్వాత రెండు రాత్రులు అమ్మ దగ్గరే పడుకున్నాను. అసలు సంగతి అప్పుడే తెలిసింది. ఇంకో దుప్పటి అడుగుదామని రాత్రి 11 గంటలకి నర్సు బల్ల దగ్గరికి వెళ్తే ఎవరూ లేరు, రెండు గంటలకోసారి ఒక్కొక్కరినీ వెళ్ళి చూశామని టిక్కు పెట్టే రౌండ్స్ షీట్ తెరిచి ఉంది. 12, 2, 4, 6, నాలుగు గడుల్లోనూ అప్పటికే టిక్కులు పడిపోయి ఉన్నాయి. అమ్మ గడిలో "నిద్రపోతున్నారు" అని కూడా రాసేశారు. తెల్లారి 4 గంటలకి అమ్మ నిద్రపోతుందో లేదో ముందు రోజు రాత్రి 11కే వీళ్ళకెలా తెలుసో మరి! ఫొటో తీసుకున్నాను. ఇరవై రెండు మందికి రాత్రిపూట ఒక్క అటెండెంట్. ఆ అమ్మాయిని తిట్టాలనిపించలేదు, ఆ లెక్క వేసినవాళ్ళని తిట్టాలి. రెండు గంటలకోసారి అందరినీ చూసి, తిరగలేనివాళ్ళని పక్కకి తిప్పి, తడిసినవాళ్ళకి మార్చడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, అందుకే టిక్కులు పెట్టుకుంటున్నారు.

పరుపు సంగతి ఇంకోటి. బెడ్ సోర్స్, అంటే కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండ్లు, రాకుండా గాలి పరుపు వేశారు, మంచిదే. ఒకరోజు వెళ్ళేసరికి అది చల్లారిన పూరీలా ఉంది. పంపు ప్లగ్గు పీకి ఎవరో ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు. అమ్మ మడమ దగ్గర చర్మం చుట్టూ ఉన్నదానికంటే నల్లగా, గట్టిగా, కాస్త వెచ్చగా తగిలింది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి చేత్తో తడిమి చూడాలని నాకు నేర్పింది అక్కడి పగటి డ్యూటీ అటెండెంటే. ఆ దశలో ఒత్తిడి తీసేస్తే చాలాసార్లు మానిపోతుంది, చర్మం చిట్లాక నెలలు కూడా పట్టొచ్చు. మడమల కింద దిండు పెట్టి వారంలో నయం చేసింది ఆవిడ.

ఆవిడ గురించి రాయకపోతే పాపం. అమ్మకి తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచా నోట్లో పెట్టి, గొంతు పైకి కదిలిందాకా ఆగి, అప్పుడు గానీ రెండో చెంచా తియ్యదు. చివర్లో "ఏదీ, ఒకసారి ఆ అనండి మామ్మగారూ" అని కుడి బుగ్గలో ఏమైనా మిగిలిపోయిందేమో చూస్తుంది. అయ్యాక అరగంట పడుకోనివ్వదు. తినిపించేది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, పక్షవాతం వచ్చినవాళ్ళకి అదే పెద్ద గండం. ఈ 14 నెలల్లో అమ్మకి ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ సెలవు పెట్టిన రోజు వచ్చే కొత్త పిల్ల మాత్రం ఫోన్ చూసుకుంటూ గబగబా కుక్కేస్తుంది. ఆ రోజు నేనే వెళ్తాను.

స్నానాల దగ్గర వంక పెట్టను. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలో ఒళ్ళు కాల్చేస్తాయి, పక్షవాతం వచ్చినవాళ్ళకి ఆ వేడి తెలియను కూడా తెలియకపోవచ్చు. వీళ్ళ కుళాయిలో వేడి ఒక స్థాయి దాటకుండా కట్టడి ఉంది, అయినా థర్మామీటర్ పెట్టి చూశాకే పోస్తారు. శుభ్రం కూడా బాగానే ఉంటుంది.

నన్ను ఇంకా కెలికేది పక్క గది పెద్దావిడ విషయం. మతిమరుపు జబ్బు, సాయంత్రమైతే ఇంటికి వెళ్తానని గుమ్మం దగ్గర అరిచేది. ఉన్నట్టుండి ఒక వారం నుంచి పగలంతా నిద్రే. వాళ్ళ అబ్బాయి వచ్చి అమ్మ కుదుటపడిందని సంతోషించాడు. ఏ మాత్ర మొదలుపెట్టారో అడగండి బాబూ అని చెప్పాను. ఇలాంటి జబ్బున్న పెద్దవాళ్ళకి యాంటీసైకోటిక్ మందులు, అంటే భ్రమలు, ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చేవి, ఇస్తే చనిపోయే ముప్పు పెరుగుతుందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే మందు వివరాల కాగితం మీద పెట్టె కట్టి హెచ్చరిక వేయించింది. అసలు కారణం మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, చెప్పుకోలేని నొప్పో కూడా అయ్యుండొచ్చు. అతను అడిగాడు, డోసు తగ్గించారు. ఆవిడ మళ్ళీ అరుస్తోంది, నాకు నిద్ర చెడినా సరే అనిపించింది.

టిక్కుల ఫొటో జతచేసి, తేదీలతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక రాత్రి రెండో మనిషిని పెట్టారు. నోటితో చెప్పినన్నాళ్ళూ "చూస్తాం మేడం" తప్ప ఏమీ జరగలేదు. పగటికి నాలుగు స్టార్లు, రాత్రికి రెండు, అదీ రెండో మనిషి వచ్చాకే. వేరే చోటుకి ఎందుకు మార్చలేదంటే, అమ్మకి ఆ పగటి ఆవిడ అలవాటైపోయింది, నాకూ ఇంకో చోట మొదటి మూడు నెలలు మళ్ళీ పడే ఓపిక లేదు.

మొన్న చెప్పకుండా రాత్రి రెండున్నరకి వెళ్ళాను. గేటు దగ్గర కాస్త గొణిగారు గానీ లోపలికి రానిచ్చారు. అమ్మ ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది, బెల్లు తీగ చేతికి చుట్టుకుని ఉంది. బల్ల మీది షీట్ చూశాను. 12కి టిక్కు, 2కి టిక్కు, 4 గడి ఖాళీగా ఉంది.