ఆరేళ్లుగా హిమాలయన్ బైక్‌కు కాపలా: గొలుసు, అలారం తాళం, జీపీఎస్ వాడాక నా మాట

2018లో తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె ఇంటి ముందు పెట్టిన నా పాత బుల్లెట్ తెల్లారేసరికి లేదు. హ్యాండిల్ లాక్ వేశాను, అంతే. ఇన్సూరెన్స్ కాగితం తీసి చూస్తే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే, మన బండి పోతే పైసా రాదని నాకు ఆ రోజే తెలిసింది. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. నగరి దాటితే తమిళనాడు, పలమనేరు దాటితే కర్ణాటక. అర్ధరాత్రి తోలుకుపోయినవాడు మనం లేచి కాఫీ తాగేలోపు పక్క రాష్ట్రంలో ఉంటాడు. ఆ బుల్లెట్ ఇప్పటికీ దొరకలేదు.

2019 చివర్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ కొన్నాను. ఆఫీసుకు స్కూటీ ఉంది కాబట్టి ఇది ఆదివారాల బండి. తలకోన, హార్స్‌లీ హిల్స్, కైలాసకోన, ఎప్పుడైనా పులికాట్ వైపు. మిగతా వారమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవర్ కింద పడి ఉంటుంది. రోజూ తీసే బండి పోతే ఆ పూటే తెలుస్తుంది. ఇది సోమవారం పోతే శనివారం రాత్రి దాకా నాకు తెలియదు. అందుకే ఈసారి దీని కాపలాకు బాగానే ఖర్చుపెట్టాను. అందులో సగం దండగ.

మొదటి దండగ అలారం ఉన్న డిస్క్ లాక్, 1,400 రూపాయలు. ముందు చక్రం బ్రేక్ డిస్క్‌కు ఉండే రంధ్రంలో పిన్ను దూర్చి లాక్ చేస్తాం. ఎవరైనా బండి కదిపితే మొదట చిన్న కూత, ఇంకా కదిపితే చెవులు చిల్లులు పడే మోత. కొన్న నెలలోనే తలకోన వెళ్లాను. 270 అడుగుల జలపాతం కింద నిలబడినవాడికి పార్కింగ్‌లో అలారం ఏం వినిపిస్తుంది? తిరిగొచ్చేసరికి బండి చుట్టూ జనం, సీటు మీద కోతి. అలారం అంతగా మోగుతున్నా అది తీరిగ్గా నా ట్యాంక్ బ్యాగ్ జిప్పు లాగుతోంది. సెల్లార్లో అయితే కవర్ కిందకు దూరే పిల్లులతో ఇదే గోల. ఒకరోజు పొద్దున్నే వాచ్‌మన్ పట్టుకున్నాడు. "సామీ, మీ బండి రాత్రంతా కూస్తానే ఉండాది, ఎవురూ నిద్రపోలా." మూడోసారి మోగేసరికి ఒక్కరు కూడా బాల్కనీలోకి వచ్చి చూడలేదట. అలారానికి అంతకంటే అవమానం ఏముంటుంది?

2021 నవంబర్ వరదల్లో సెల్లార్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. లోపలి బటన్ సెల్స్ తుప్పుపట్టి తాళం చచ్చిపోయింది. నేను బాధపడలేదు. ఇప్పుడు అలారం లేని మామూలు డిస్క్ లాక్ వాడుతున్నాను, అదీ టిఫిన్ సెంటర్ దగ్గర పది నిమిషాలు ఆగినప్పుడే. దీనితో ఒక ప్రమాదం ఉంది. తాళం ఉన్న సంగతి మరిచి బండి ముందుకు తోస్తే అది వెళ్లి డిస్క్‌ను పట్టి ఆపే బ్రేక్ కాలిపర్‌కు కొట్టుకుంటుంది, చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. నాకు రెండుసార్లు అయింది. ఒకసారి దాదాపు 200 కిలోల బండి ఎడమ కాలి మీద పడింది, అద్దం, క్లచ్ లివర్ పోయాయి. తాళంతో పాటు నారింజ రంగు స్ప్రింగు తాడు ఇస్తారు, గుర్తు కోసం దాన్ని తాళం నుంచి హ్యాండిల్‌కు తగిలించుకోవాలి. వంద రూపాయల తాడు కదా అని డిక్కీలో పడేయకండి.

జీపీఎస్ ట్రాకర్ కథ ఇంకా పెద్దది. బండి బ్యాటరీకి వైరు కలిపి ట్యాంక్ కింద దాచేది, లోపల సిమ్. కొన్న ధర 3,500, తర్వాత ఏటా రీచార్జ్. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండి కదల్లేదు. ట్రాకర్ మాత్రం రాత్రీ పగలూ కరెంటు తాగుతూనే ఉంది. బండి బ్యాటరీ 8 ఏహెచ్‌ది (ఆంపియర్ అవర్), అంటే చిన్నది, ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? మూడు వారాలకు డౌన్ అయింది. ట్రాకర్ లోపల ఉండే చిన్న బ్యాటరీ కొన్ని గంటలకే సరిపోతుంది, ఆ తర్వాత దానికీ నోరు పడిపోయింది. అంటే బండి ఎక్కువ రోజులు ఒంటరిగా ఉన్నప్పుడే కాపలావాడు నిద్రపోయాడు. అప్పటి నుంచి వారానికోసారి ఇరవై నిమిషాలైనా తిప్పుతున్నాను.

ఫోన్ నుంచే ఇంజన్ ఆపేసే రిలే కూడా పెట్టించాను. అమర్చిన కుర్రాడు కనెక్టర్‌ను సరిగ్గా బిగించలేదు. భాకరాపేట ఘాట్‌లో మలుపు మధ్యలో ఇంజన్ టక్కున ఆగింది, వెనక లారీ. ఆ డ్రైవర్ బ్రేక్ వేశాడు కాబట్టి ఇది రాస్తున్నాను. మరుసటి రోజే రిలే పీకించేశాను. ట్రాకింగ్ ఒక్కటి ఉంచుకున్నాను. ఘాట్ రోడ్లు తిరిగేవాళ్లు ఈ ఇంజన్ కట్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక గొలుసు. పది మిల్లీమీటర్ల మందం, గట్టిపరచిన ఉక్కు, చదరపు లింకులు, మీద గుడ్డ తొడుగు. 3,600 పెట్టి కొన్నప్పుడు మా ఆవిడ "ఏనుగును కడతావా?" అంది. మూడు కిలోల పైనే బరువు, రైడ్‌కు మోసుకెళ్లలేం. అందుకే అది సెల్లార్లోనే ఉంటుంది. పిల్లర్‌కు కొక్కెం వేయిస్తానంటే సెక్రటరీ ఒప్పుకోలేదు. లోపలి కమ్మీలకు దెబ్బ తగులుతుందన్నాడు, నిజమే. నా పార్కింగ్ స్థలంలోనే నేలకు 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో ఇనుప రింగు వేయించాను. బోల్టు తలలను వెల్డింగ్ చేయించాను, లేదంటే స్పానర్‌తో విప్పేస్తారు. కూలీతో కలిపి 900. ముందు చక్రానికి కడితే చక్రం విప్పి వదిలేసి మిగతా బండి ఎత్తుకుపోవచ్చు. కాబట్టి గొలుసు వెనక చక్రంలోంచి, ఫ్రేమ్‌లోంచి వెళ్లాలి. నేల మీద వదులుగా పడి ఉండకూడదు కూడా. గొలుసు తెంచే కట్టర్ పిడిని నేలకు ఆనించి ఒళ్లంతా బరువు వేస్తే పని సులువవుతుంది.

2022 ఆగస్టులో దీనికి పరీక్ష వచ్చింది. పొద్దున ఆరింటికి కిందికి వెళ్తే కవర్ ఒక మూల పడి ఉంది. హ్యాండిల్ లాక్ విరిగింది, ఇగ్నిషన్ వైర్లు బయటికి లాగి ఉన్నాయి. గొలుసు తొడుగు చీలిపోయి, ఒక లింకు మీద కట్టర్ పళ్ల గాట్లు రెండు. బండి మాత్రం అక్కడే ఉంది. పక్క స్థలంలోని పల్సర్ లేదు. ఫోన్ చూస్తే రాత్రి 2:47కు ట్రాకర్ హెచ్చరిక పంపింది, నేను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. పల్సర్ ఓనర్ చిన్న కుర్రాడు. "అన్నా, మీకు మెసేజ్ వచ్చిందంట కదా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి నుంచి ట్రాకర్ యాప్‌కు మాత్రం సైలెంట్‌లో కూడా మోగేలా సెట్టింగ్ మార్చాను. కుర్రాడి చేత అలాంటి రింగే వేయించాను, ఇప్పుడు మా సెల్లార్లో ఏడు ఉన్నాయి. బ్యాటరీతో నడిచే, ఇనుము కోసే గ్రైండర్ తెస్తే ఈ గొలుసు కూడా కాసేపే. కాకపోతే ఆ చప్పుడుకు, నిప్పురవ్వలకు సెల్లార్లో ఎంతసేపు ధైర్యంగా కూర్చుంటారన్నదే లెక్క.

అలిపిరి సంగతి వేరు. 3,550 మెట్లు ఎక్కేవాడు దర్శనం చేసుకుని దిగేదాకా బండి దగ్గరికి రాడని కొండ కింద అందరికీ తెలుసు, దొంగకు ఇంకా బాగా తెలుసు. నడక రోజు నేను హిమాలయన్ తీయను, ఆటోలో పోతాను.

ఇప్పుడు ఓన్ డ్యామేజ్‌తో (మన బండికే జరిగే నష్టం, దొంగతనం) కలిపి ఫుల్ ఇన్సూరెన్స్ కడుతున్నాను. బండి ఐదేళ్లు దాటింది కాబట్టి దాని విలువ ఎంతన్నది కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకోవాల్సిందే. పెట్టెలు, క్రాష్ గార్డ్ లాంటి అదనపు సామాన్లు పాలసీలో విడిగా రాయించకపోతే వాటికి డబ్బు రాదు. క్లెయిమ్‌కు వెళ్తే ఎఫ్ఐఆర్‌తో పాటు ఒరిజినల్ తాళంచెవులు రెండూ అడుగుతారు. నా రెండోది బీరువాలో పెళ్లి పట్టుచీరల కింద ఉంది, దాన్ని తీసి వాడే అధికారం నాకే లేదు.

గొలుసు తాళం కప్పలో ఈ మధ్య చెవి తిరగడం కష్టంగా ఉంది. మొదట్లో నూనె పోసేవాణ్ణి, దానికి దుమ్ము అతుక్కుని ఇంకా బిగుసుకుంది. పెన్సిల్ ములుకు పొడి గీకి వేస్తే కొంత నయం. వానలు మొదలయ్యేలోపు కప్ప మార్చేస్తాను. గొలుసు మాత్రం అదే, గాట్లతో సహా.