ఉద్యోగానికి బ్రేక్ ఇవ్వాలా వద్దా: ఫీజు కట్టి సలహా తీసుకున్నాం, ఎలా ఉందంటే

ముందే చెప్తున్నా, ఈ సర్వీసుకి పెట్టిన డబ్బు దండగ కాలేదు. కాకపోతే "ఉద్యోగం మానేయొచ్చా" అన్న ప్రశ్నలో డబ్బు సంగతి వరకే ఇక్కడ తేలుతుంది, మళ్లీ ఉద్యోగం దొరుకుతుందా అన్నది వేరే చోట అడగాల్సిందే.

మేం వెళ్లింది హైదరాబాద్‌లో సెబీ (షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ఒక ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గరికి. వీళ్లు మన దగ్గర ఫీజు తీసుకుంటారు, మనకి ఏదో ఒకటి అమ్మి దాని మీద కమీషన్ తీసుకోకూడదు. ఈ తేడా చాలా పెద్దది. అంతకుముందు ఉచితంగా సలహా ఇస్తామన్న ఇద్దరితో మాట్లాడాం, ఇద్దరూ పావుగంటలోపే పాలసీ దగ్గరికి వచ్చేశారు. జీతం ఆగిపోబోయే మనిషికి కొత్తగా ప్రీమియం తగిలించడం ఏం సలహా అండీ! రిజిస్టర్ అయినవాళ్ల లిస్టు సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, నంబరు ఐఎన్‌ఏ అని మొదలవుతుంది, చూసుకుని వెళ్లండి. మాది ఏడాది ప్లాన్ కాదు, ఒక్క నిర్ణయం గురించే కాబట్టి 12,000 తీసుకున్నారు, అందులోనే తర్వాత ఒకసారి ఫాలోఅప్ కూడా.

మా పరిస్థితి ఇది. నేను ఐటీలో టెస్టింగ్ చేస్తాను, మావారిది ప్రైవేటు ఉద్యోగం, హోమ్ లోన్ ఉంది, పాప ఎనిమిదో తరగతి. తెనాలిలో నాన్నకి పక్షవాతం వచ్చింది, ఫిజియోథెరపీకి తిప్పడం, మందులు, రాత్రిళ్లు లేవడం అన్నీ అమ్మ ఒక్కతే చేసుకోలేకపోతోంది. ఒక ఏడాది ఉద్యోగం ఆపి ఆయన దగ్గర ఉండాలని నాకు గట్టిగా ఉంది.

అడ్వైజర్ మొదట అడిగింది సేవింగ్స్ గురించి కాదు, నాన్న పేరు ఏ ఇన్సూరెన్స్‌లో ఉంది అని. నా కంపెనీ గ్రూప్ పాలసీలో ఉంది. నేను రిలీవ్ అయితే దాంతోపాటే ఆయన కవర్ కూడా పోతుంది, అదీ సరిగ్గా ఆయనకి అవసరం ఉన్న సమయంలో. మావారికి గానీ నాకు గానీ ఈ సంగతి తట్టనే లేదు, ఫీజు మొత్తం ఇక్కడే తీరిపోయిందనుకుంటాను. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉంటుందని, ఆ పని ఉద్యోగం వదలకముందే మొదలుపెట్టాలని, అయినా పక్షవాతం వచ్చిన మనిషి కాబట్టి ఒప్పుకుంటారని ధీమాగా ఉండొద్దని చెప్పారు. మావారి కంపెనీ పాలసీలో అత్తమామల్ని చేర్చుకోనిస్తారేమో కనుక్కోమన్నారు. నాన్నకి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పని లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు, ఏడాదికి 5 లక్షల వరకు, ముందు అది చేయించమన్నారు.

తర్వాత అడిగిన ప్రశ్న కూడా నాకు బాగా నచ్చింది: "రాజీనామా సరే మేడమ్, జీతం లేని సెలవు అడిగి చూశారా?" చాలా కంపెనీల్లో ఇలాంటి సెలవు ఉన్నా ఎవరూ బయటికి చెప్పరు. సెలవులో ఇన్సూరెన్స్ కొనసాగుతుందా లేదా అన్నది హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగమన్నారు, నోటిమాట నమ్మొద్దన్నారు.

పీఎఫ్ విషయంలో నాకున్న భయం కూడా పోయింది. ఉద్యోగం మానేసినంత మాత్రాన వడ్డీ ఆగదు, 2024-25కి ఇచ్చిన రేటు 8.25 శాతం, కాకపోతే మానేశాక పడే వడ్డీకి ట్యాక్స్ ఉంటుంది. ఖర్చులకి దాన్ని తీసేయాలనే ఆలోచన పెట్టుకోవద్దన్నారు. గ్రాట్యుటీకి (ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) నా సర్వీసు అయిదేళ్లు ఎప్పుడో దాటింది కాబట్టి అది వస్తుంది, లెక్క కూడా వేసి చూపించారు: ఆఖరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించడం.

ఇంటి ఖర్చుల లెక్క మేం రాసుకెళ్లాం గానీ అందులో నెలవారీవే ఉన్నాయి. స్కూల్ ఫీజు, కారు ఇన్సూరెన్స్, పండగలు, బంధువుల పెళ్లిళ్లు, తెనాలి ప్రయాణాలు అన్నీ కూర్చోబెట్టి రాయించారు. మావారి జీతంతోనే మూడు నెలలు గడిపి చూడమని, నా జీతం ముట్టుకోకుండా వేరే ఖాతాలోకి పంపేయమని చెప్పారు. ఇప్పుడు అదే చేస్తున్నాం, కష్టంగానే ఉంది, ముఖ్యంగా బయట తిండి, ఆన్‌లైన్ ఆర్డర్లు తగ్గించడం. కానీ ఇల్లు నడుస్తోంది.

ఇక నచ్చనివి. రిపోర్టు వారంలో ఇస్తామని చెప్పి బాగా ఆలస్యం చేశారు, మేమే ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. దానికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకోటి: ఏడాది తర్వాత నేను ఇదే జీతానికి తిరిగి చేరతానని అనుకుని లెక్కలన్నీ వేశారు. చేరకపోతే, ఆరు నెలలు ఆలస్యమైతే, తక్కువకి ఒప్పుకోవాల్సి వస్తే అని గుచ్చి అడిగితే గానీ ఇంకో లెక్క వేయలేదు, అది వేశాక హోమ్ లోన్ ఈఎంఐ దగ్గర నంబర్లు మారిపోయాయి. ఆడవాళ్లు బ్రేక్ తీసుకున్నాక ఇంటర్వ్యూల్లో ఎలాంటి ప్రశ్నలు ఎదురవుతాయో, టెస్టింగ్‌లో ఏడాదిలో టూల్స్ ఎంత మారిపోతాయో ఆయనకి పెద్దగా తెలియదు. ఆ భాగానికి బ్రేక్ తీసుకుని తిరిగొచ్చిన పాత కొలీగ్స్‌తో మాట్లాడాను, వాళ్లు చెప్పిందే పనికొచ్చింది.

వెళ్లేవాళ్లు భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. ఇద్దరి పేస్లిప్పులు, లోన్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, రెండు కంపెనీల ఇన్సూరెన్స్ కాగితాలు పట్టుకెళ్లండి. తిరిగి చేరడం ఆలస్యమైతే ఏంటన్న లెక్క మొదట్లోనే అడగండి. అయిదుకి నాలుగు ఇస్తాను. నేను జీతం లేని సెలవుకి అప్లై చేశాను, హెచ్ఆర్ జవాబు వచ్చాక ఆ ఫాలోఅప్ వాడుకుంటాం.